ప్రాణహిత ఒడ్డున మన లెక్కలు

ఉగాదినాడు వేపపూత పచ్చడి నోట వేసుకొన్న తరువాత తెలుగువాడు మొట్టమొదట చేసే పని లెక్క వినడం. పంచాంగ శ్రవణం అంటే అంతా లెక్కే. తిథి, వారం, నక్షత్రం, ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు, ఏది చూచినా అంకెలే. ఊరు విడిచి వచ్చి నాగపూరులోనో, చాందాలోనో, బల్లార్షాలోనో, అల్లపల్లిలోనో కాపురం పెట్టుకొన్న మనబోటి వారికి పురోహితుడు దొరకని ఏడు ఉండవచ్చును గాని, ఆ అంకెలు చెవిన పడని ఉగాది లేదు. అందుచేత ఈ సంచికలో అంకెలను గురించే నాలుగు మాటలు చెప్పుకొందామని సాహసించినాను.

మొదట ఒక చిన్న లెక్క. శాలివాహన శకం సంఖ్యకు 12 కలిపి, వచ్చిన మొత్తాన్ని 60 చేత భాగించండి. శేషం ఎంత మిగిలితే, ప్రభవ మొదలుకొని అన్నవ సంవత్సరం అది. శేషం సున్న అయితే అరువదవదైన అక్షయ. ఉదాహరణకు 1957 ఉగాదికి శకం 1879. దానికి 12 కలిపితే 1891. అరవై చేత భాగిస్తే శేషం 31. ముప్పది ఒకటవది హేవిళంబి. ఈ హేవిళంబి ఉగాది సంగతి వ్యాసం చివర మళ్ళీ వస్తుంది. ఈ యేటి పేరు ఈ లెక్క ప్రకారం సరిపోయినదో లేదో మీ ఇంటి పిల్లలచేత తేల్పించండి.

ఇల్లు కదలలేదు, హద్దు కదలినది

మనలో రెండు తెగలవారు ఉన్నారు. కొందరు పని వెదుకుకొంటూ ఇల్లు కదలి వచ్చినవారు. కొందరి ఇల్లు కదలనే లేదు, హద్దే వారి మీదుగా నడచిపోయినది. సిరొంచ వారిది ఈ రెండవ కథ. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, ఆవలి ఒడ్డున కాళేశ్వరం, ఈవలి ఒడ్డున సిరొంచ. 1860 లో నిజాము ప్రభుత్వం గోదావరి ఎడమ ఒడ్డునున్న సిరొంచ, నుగూరు, చెర్ల, ఆల్బాక, భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఇంగ్లీషువారికి అప్పగించినది. ఎగువ గోదావరి జిల్లా అని ఒకటి ఏర్పడి దానికి సిరొంచ ముఖ్యపట్టణం అయినది. 1874 లో ఆ జిల్లా రద్దయినది. భద్రాచలం మద్రాసు వైపు పోయినది, సిరొంచ చాందా జిల్లాలో కలిసినది. 1956 లో చాందాతోపాటు బొంబాయి రాష్ట్రంలోకి, 1960 మే 1 న మహారాష్ట్రలోకి, 1982 ఆగస్టు 26 న కొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లాలోకి వచ్చినది. నూట ఇరవై రెండేళ్ళలో ఇన్ని మార్పులు జరిగినా పొయ్యి ఉన్న చోటనే ఉన్నది.

సిరొంచకు ఉత్తరంగా సుమారు 100 కిలోమీటర్ల దూరాన అల్లపల్లి. పేరు చూస్తేనే మన పల్లె అని తెలుస్తుంది. టేకు అడవులకు పెట్టినది పేరు. 1953 లో గొడ్డలి తగలకుండా కాపాడవలెనని అక్కడొక అడవి తునకను ప్రత్యేకించినారు. ఆరు హెక్టారుల ఆ తునకను 2014 లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించినారు. ఈ ప్రాంతంలో తెలుగు, మరాఠీ, గోండి ఒకే సంతలో వినిపిస్తాయి. మూడు భాషలు కలిసే చోట మూడు రకాల లెక్కలు కూడ కలుస్తాయి. మాట తప్పుగా వింటే నవ్వుకొని ఊరుకోవచ్చును. అంకె తప్పుగా వింటే మటుకు కూలి పోతుంది.

పదులు ముందా, ఒకట్లు ముందా?

మనం 25 ను 'ఇరవై ఐదు' అంటాం. రాసేటప్పుడు ముందు రెండు, తరువాత ఐదు. నోరు, చేయి ఒకే దారిని నడుస్తాయి. 'పదమూడు, పదునాలుగు' లో కూడ పది ముందే. మరాఠీలో 25 ను 'పంచవీస్' అంటారు. అనగా ఐదూ ఇరవై. 52 ను 'బావన్న' అంటారు, రెండూ ఏబది. చెవికి ఒకట్లు ముందు తగులుతాయి, చేతితో పదులు ముందు రాయవలెను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ అయిన పిల్లవాడు 'పంచవీస్' అనగానే ఐదు ముందు వేసి 52 అని రాయడం నేను చాలసార్లు చూచినాను. అది వాని తెలివితక్కువ కాదు. విన్నది విన్నట్లు రాసినాడు, అంతే.

ఇందులో మరాఠీ వారిని తప్పు పట్టవలసినదీ లేదు. అది సంస్కృతపు దారి. 'పంచవింశతి' నుంచి వచ్చినదే 'పంచవీస్'. మన శాసన కవులు కూడ శక సంవత్సరాన్ని మాటలలో చెప్పేటప్పుడు ఈ దారినే పట్టినారు. చంద్రుడు ఒకటి, నయనాలు రెండు, వేదాలు నాలుగు, బాణాలు ఐదు, ఋషులు ఏడు, వసువులు ఎనిమిది, నిధులు తొమ్మిది, ఆకాశం సున్న. పైన చెప్పిన 1879 ను ఈ పద్ధతిలో 'నిధి ఋషి వసు చంద్ర' అనవలెను. 9, 7, 8, 1 అని వరుసగా వస్తాయి. వాటిని కుడినుంచి ఎడమకు పేర్చుకొంటే 1879. అంటే ఒకట్లు ముందు చెప్పే పద్ధతి మన గుడిగోడల మీదనూ ఉన్నది. సంత మాటలో మాత్రం మన భాష తన దారి విడువలేదు.

ఇంకొక విచిత్రం. మరాఠీలో 19 ను 'ఏకోణీస్' అంటారు, అనగా ఇరవైకి ఒకటి తక్కువ. 29 ముప్పదికి ఒకటి తక్కువ. మనకు ఈ పద్ధతి లేదనుకొంటాం గాని, మన 'తొమ్మిది' లో చివర ఉన్న 'ది' ని చూడండి. ఇది 'పది' లోని తునక అని భాషా పండితులు వివరిస్తారు. తొమ్మిది అంటే పదికి వెలితి, పదికి ముందున్నది. 'తొంభై' లోనూ ఆ 'తొ' యే ఉన్నది. ఇక మన పొరుగు గోండుల మాట వినండి. రెండు రండ్, మూడు మూండ్, నాలుగు నాలుంగ్, ఆరు సారుంగ్, ఏడు యేరుంగ్. ఇంచుమించు మన మాటలే. ఏడు దాటిన తరువాత చాలచోట్ల వారు పొరుగు భాషలనుంచి అంకెలను అరువు తెచ్చుకొన్నారు. అడవిలో ఏడుదాకా మనం దాయాదులం. ఎనిమిదినుంచి అందరం సంతలో కలుసుకొన్నవాళ్ళం.

అంకెల హారాలు

ఒక్కొక్క అంకెకు దాని స్థానాన్నిబట్టి విలువ కట్టడం, ఖాళీ స్థానంలో సున్న పెట్టడం మన దేశం ప్రపంచానికి ఇచ్చిన సొమ్ము. గ్వాలియరులో 876 నాటి ఒక విష్ణ్వాలయ శాసనంలో 270 మూరలు, 187 మూరల పూలతోట, దినానికి 50 దండలు అని రాసి ఉన్నది. ఆ 270 లోని సున్న, 50 లోని సున్న ఈనాటి సున్నలవలెనే గుండ్రంగా ఉన్నాయి. దేవునికి పూలదండలు లెక్కపెట్టడంలో సున్న కనబడడం ఎంత అందమైన సంగతి!

దాదాపు ఆ కాలంలోనే, అనగా 850 ప్రాంతాన, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని రాజ్యంలో మహావీరాచార్యుడనే జైన పండితుడు 'గణిత సార సంగ్రహము' రాసినాడు. ఒకటి మొదలు 24 స్థానాలకు పేర్లు చెప్పినాడు. అంకెలతో హారాలు కూర్చినాడు. ఎటునుంచి చదివినా ఒకటిగా ఉండే సంఖ్యలు వచ్చే గుణకారాలను ఏరి, వాటిని కంఠాభరణాలన్నాడు. కొన్ని చూడండి.

139 × 109 = 15151
152207 × 73 = 11111111
12345679 × 9 = 111111111
142857143 × 7 = 1000000001
27994681 × 441 = 12345654321

చివరిదానిలో అంకెలు ఒకటినుంచి ఆరుదాకా ఎక్కి మళ్ళీ ఒకటిదాకా దిగుతాయి. పలక మీద వేసి సరిచూచుకొన్న పిల్లవానికి గుణకారమంటే భయం పోతుంది. ఇంతటివాడూ ఒకచోట జారినాడు. ఒక సంఖ్యను సున్నచేత భాగిస్తే మారకుండా ఉంటుందని రాసినాడు. అది సరి కాదు. పెద్దల తప్పును చెప్పుకోవడమూ శాస్త్రంలో భాగమే.

ఈ గ్రంథాన్ని 11 వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చినాడు. రాజరాజ నరేంద్రుని కాలం అది. నన్నయగారు మహాభారతం తెనిగిస్తూ ఉండిన రోజులలోనే లెక్కల పుస్తకం కూడ తెలుగయినదని గుర్తుంచుకోవలెను. మన భాషకు కావ్యమూ గణితమూ కవలలు. 1912 లో మద్రాసు ప్రభుత్వం తరఫున ఎం. రంగాచార్యులవారు మహావీరుని సంస్కృత మూలాన్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించినారు.

నాలుగింటి మెట్లు

పూర్ణాంకాలను మనవారు పదులలో లెక్కించినారు గాని, ముక్కలను నాలుగులలో లెక్కించినారు. ఒకటిలో నాలుగవ వంతు కాలు. కాలులో నాలుగవ వంతు వీసం, అనగా పదునారవ వంతు. వీసంలో నాలుగవ వంతు కాని, అనగా అరువది నాలుగవ వంతు. వీటికి ప్రత్యేకమైన గుర్తులు ఉండేవి. కాళ్ళకు నిలువు గీతలు, వీసాలకు అడ్డ గీతలు, ఆ తరువాతి మెట్టుకు మళ్ళీ నిలువు గీతలు. గీత నిలబడి ఉన్నదా, పడుకొని ఉన్నదా అనేదానిని చూస్తే మెట్టు తెలుస్తుంది. ఒకటి, రెండు, మూడు గీతలు, అంతకు మించి అక్కర లేదు, నాలుగయితే పై మెట్టు ఎక్కుతుంది. కాబట్టి ముప్పది ఒకటింకాలును ౩౧౹ అని రాసేవారు. ఈ గుర్తులు వాడుకనుంచి పోయినా, 2008 లో కంప్యూటర్ల అక్షరాల పట్టిక యూనికోడ్‌లో చోటు సంపాదించుకొన్నాయి. ఇంట్లో నిలవలేనివి యంత్రంలో నిలిచినాయి.

రూపాయి కూడ ఈ మెట్లనే దిగేది. రూపాయిలో నాలుగవ వంతు పావలా, పావలాలో నాలుగవ వంతు అణా, అణాలో నాలుగవ వంతు కానీ. రూపాయికి 16 అణాలు, 64 కానీలు. అణా అంటే వీసం, కానీ అంటే కాని. పద్దు పుస్తకంలో ముక్కలు రాసిన చేయి నాణేలను కూడ ఆ గీతలతోనే రాయగలిగేది. ధాన్యమూ ఇంతే. చాల ఊళ్ళలో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. అంటే పుట్టికి 320 మానికలు. ఈ మెట్లలో సగం, సగంలో సగం చేయడం తప్ప కష్టమైన భాగహారం లేదు. చదువు రాని ఇల్లాలు కూడ కుప్పను రెండుగా, నాలుగుగా పంచి లెక్క తేల్చగలదు. అందుకే అది అంతకాలం నిలిచినది.

తూనికల సంగతి వేరు. మద్రాసు వైపు 24 తులాలు సేరు, ఐదు సేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. ఆ మణుగు 960 తులాలు. రైలు కంపెనీల మణుగు 80 తులాల సేర్లు నలభై, అనగా 3200 తులాలు. పేరు ఒకటే, బరువు మూడు రెట్ల పైమాట. గోదావరి జిల్లానుంచి వచ్చిన వర్తకుడు, నాగపూరు వైపు వర్తకుడు 'మణుగు' అని చేయి కలిపితే ఎవరి మణుగో ముందు అడగవలసి వచ్చేది.

రెండు రూపాయలు, ఒక ఏరు

అంతకంటె చిక్కు రూపాయిలోనే ఉండేది. ఈ ఒడ్డున ఇంగ్లీషు రూపాయి, కల్దారు. ఆ ఒడ్డున నిజాము రూపాయి, హాలీ. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. సర్కారు పట్టికలో నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ అని ఉండేది. అదీ ఏడుకు ఆరు లెక్కే. మంథని, మంచిర్యాల వైపునుంచి పడవ ఎక్కి వచ్చినవాడు ఏటి మధ్యలోనే మనసులో లెక్క మార్చుకోవలెను.

ఇందులో తెలియనివారికి ఒక గోయి ఉండేది. హాలీని కల్దారు చేయడానికి ఏడింట ఒకటి తీసివేయవలెను. 42 హాలీలో ఏడవ వంతు 6 తీస్తే 36 కల్దార్లు. తిరిగి హాలీ చేయడానికి మటుకు ఏడవ వంతు కాదు, ఆరవ వంతు కలపవలెను. 36 కు 6 కలిపితే 42. కాని 'పోయేటప్పుడు ఏడవ వంతు తీసినాం గదా, వచ్చేటప్పుడు అదే ఏడవ వంతు కలుపుదాం' అని నమ్మబలికితే 36 లో ఏడవ వంతు అయిదుంబావుకు లోపే. చేతికి 41 చిల్లర మాత్రం వస్తుంది. రూపాయిలో ఏడింట ఆరు వంతులు, దగ్గర దగ్గర పదునాలుగు అణాలు ఏట్లో కలుస్తాయి. 1948 లో హైదరాబాదు భారత యూనియనులో చేరిన తరువాత హాలీ క్రమంగా మాయమైనది. దానితోపాటు ఈ పడవ లెక్కా మాయమైనది. మనుష్యులు మటుకు 'తీసినదంత కలిపితే సరి' అని ఇప్పటికీ మోసపోతూనే ఉన్నారు. ధరను నూటికి ఇరవై పెంచి, ఆ పెంచిన ధరలో నూటికి ఇరవై తగ్గిస్తే మొదటి ధర వచ్చినదనుకొనేవారు మన చుట్టూ ఎందరు లేరు? నూరు 120 అవుతుంది, 120 మళ్ళీ 96 అవుతుంది.

టేకు దుంగ లెక్క

అల్లపల్లి డిపోలలో మరొక లెక్క నడిచేది. గుండ్రటి దుంగలో కలప ఎంత? దుంగ నడుమున తాడు చుట్టి, ఆ తాటిని నాలుగు మడతలు పెట్టి, ఆ మడతను ఆ మడతచేతనే గుణించి, పొడవుచేత గుణించవలెను. ఇది ఇంగ్లండులో ఎడ్వర్డ్ హోప్పస్ 1736 లో పట్టికలుగా అచ్చు వేసిన పద్ధతి. ఇంగ్లీషు అటవీశాఖతో ఇక్కడికి వచ్చినది. 60 అంగుళాల చుట్టుకొలత, 20 అడుగుల పొడవు అనుకొందాం. నాల్గవ వంతు 15 అంగుళాలు. 15 × 15 = 225. దానిని 20 చేత గుణించి 144 చేత భాగిస్తే 31¼ ఘనపుటడుగులు. నిజంగా ఆ దుంగ గుండ్రని స్తంభమే అయితే అందులో 39¾ ఘనపుటడుగులకు పైగా ఉంటుంది. ఎంత పెద్ద దుంగకైనా ఈ పద్ధతి నూటికి 78½ వంతులే చూపిస్తుంది. మిగిలినది బెరడుకు, చెక్కుడుకు, రంపపు పొట్టుకు పోతుందని సమాధానం. నాలుగు మడతల తాడు పట్టినవానికి పైథాగరసు అక్కర లేదు, కాని ఆ తాడు కొనేవాని వైపు వంగి ఉన్నదని తెలిసి ఉండవలెను.

చీటీలోని రెండంకెలు

మా తాతగారు అడవినుంచి డిపోకు దుంగలు చేరవేసే బండ్లవారిలో ఒకరు. చదువు వానాకాలపు చదువు. ఆయన చెప్పగా విన్న సంగతి ఇది. ఒకసారి వారి గుంపు 237 దుంగలు చేర్చినది. దుంగకు 14 అణాల కిరాయి. గుమాస్తా చీటీ రాసి, మొత్తం 3138 అణాలు, అనగా 196 రూపాయల 2 అణాలు అన్నాడు. ఏ గుత్తేదారు దగ్గర అనేది ఇక్కడ అక్కర లేదు. మా తాతగారు వేళ్ళు ముడుచుకొంటూ, 'పదునాలుగణాలంటే రూపాయికి బేడ తక్కువ. 237 రూపాయలు వేసి 237 బేడలు తీయండి. ఎనిమిది బేడలు రూపాయి. ఇరవైతొమ్మిది రూపాయలు పోను ఐదు బేడలు. అంటే 29 రూపాయల 10 అణాలు తీయవలెను. మిగిలినది 207 రూపాయల 6 అణాలు' అన్నారట. గుమాస్తా మళ్ళీ కూర్చి చూచుకొన్నాడు. అసలు 3318 రావలెను. మూడును, ఒకటిని తారుమారు చేసినాడు. తేడా 11 రూపాయల 4 అణాలు. 'కలం జారినది' అన్నాడు. జారినదో, జార్చినదో దేవునికే తెలియాలి. పై వారం సొమ్ము ముట్టినది.

ఆ 'బేడ తక్కువ' లెక్కలో ఉన్నది 'ఏకోణీస్' లోని ఉపాయమే, మన 'తొమ్మిది' లోని ఉపాయమే. నిండు సంఖ్యకు వెలితి ఎంత అని చూడడం.

ఈ చీటీని పెద్దయిన తరువాత నేను ఇంకొక విధంగా పరీక్షించి చూచినాను. పదవ శతాబ్దపు రెండవ ఆర్యభటుడు తన మహాసిద్ధాంతంలో ఒక పరీక్ష చెప్పినాడు. అంకెలను కూడుతూ పోయి ఒక్క అంకె చేయవలెను. ఎందుకంటే పదిలోనుంచి తొమ్మిది తీస్తే ఒకటి మిగులుతుంది, నూటిలోనుంచి 99 తీస్తే ఒకటి మిగులుతుంది. కాబట్టి ఏ స్థానంలోని అంకె అయినా తొమ్మిదుల లెక్కలో తన విలువే. 237 లో 2, 3, 7 కలిపితే 12, మళ్ళీ కలిపితే 3. 14 కు 5. మూడైదులు 15, అనగా 6. జవాబు 3318 లో అంకెలు కలిపితే 15, అనగా 6. సరిపోయినది. మరి గుమాస్తా రాసిన 3138? అదీ 15, అదీ 6! తొమ్మిదుల పరీక్ష దొంగను పట్టలేదు. అంకెలు తారుమారైతే వాటి మొత్తం మారదు గదా.

అప్పుడు పదకొండుల పరీక్ష కావలెను. కుడినుంచి మొదలుపెట్టి ఒక అంకె కూడుతూ, ఒక అంకె తీసివేస్తూ పోవలెను. 237 కు 7 లో 3 తీసి 2 కలిపితే 6. 14 కు 4 లో 1 తీస్తే 3. ఆరు మూళ్ళు 18, పదకొండు తీస్తే 7. ఇక 3318 కు 8 లో 1 తీసి, 3 కలిపి, 3 తీస్తే 7. సరి. 3138 కు 8 లో 3 తీసి, 1 కలిపి, 3 తీస్తే 3. తప్పు! పక్కపక్క అంకెలు తారుమారైతే ఈ పరీక్షకు చిక్కక తప్పదు. ఇంకొక గుర్తు కూడ ఉన్నది. రెండు పద్దులకు వచ్చిన తేడాను తొమ్మిది నిశ్శేషంగా భాగిస్తే, ఎక్కడో అంకెలు తారుమారై ఉంటాయని అనుమానించవలెను. ఇక్కడి తేడా 180 అణాలు. తొమ్మిది ఇరవైలు నూట ఎనభై.

హేవిళంబి ఉగాది

ఇక మొదట చెప్పిన 1957 కు వద్దాం. ఆ యేడు మార్చి 22 న భారత ప్రభుత్వం శక సంవత్సరాన్ని 1879 చైత్రం 1 తో జాతీయ పంచాంగంగా స్వీకరించినది. పది రోజులకు, ఏప్రిల్ 1 సోమవారంనాడు, రూపాయికి నూరు నయాపైసలు వచ్చినాయి. మన హేవిళంబి ఉగాది కూడ ఆ సోమవారమే. పచ్చడి తిని సంతకు పోయినవానికి ఆనాడు కొత్త చిల్లర కూడ రుచి చూడవలసి వచ్చినది.

పావలా సరిగా 25 అయినది. అణాకు మటుకు 6¼ పైసలు. మూడణాలకు 18¾. బేడకు 12½, అరపైస నాణెం లేదు. ఎవరో ఒకరు ఆ అరపైసను వదులుకోవలెను, ఎవరు వదులుకొంటారో చెప్పనక్కరలేదు. 1964 జూన్ 1 నుంచి 'నయా' అనే మాట పోయి వట్టి పైస మిగిలినది. వీశెలు, మణుగులు కూడ 1958 నుంచి మెల్లమెల్లగా కిలోలకు చోటిచ్చినాయి. ఆ మార్పు మంచిదే. ఒకే దేశంలో రెండు మణుగులు ఉండకూడదు, ఒకే ఏటికి రెండు రూపాయలు ఉండకూడదు. లెక్క అందరికీ ఒకటైతే బీదవానికి మేలు. కాని ఆనాడు నాలుగింటి మెట్లు కూలిపోయినాయి. 'పదహారణాల తెలుగు' అనే మాట మాత్రం మిగిలినది. పదహారణాలు ఎందుకు నిండో తెలియని పిల్లలు కూడ ఆ మాట అంటూ ఉన్నారు.

ఇక మన పిల్లలు

2019 లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి, రెండవ తరగతి గణితంలో 'ఏకవీస్' కు బదులు 'వీస్ ఏక్', అనగా ఇరవై ఒకటి, అని చదివే పద్ధతిని ప్రవేశపెట్టినది. రాసిన వరుసలోనే చదివితే పసివారికి సులువని గణిత సంఘానికి అధ్యక్షురాలైన మంగళా నార్లీకర్ గారు సమర్థించినారు. భాషకు అపచారమని మరికొందరు అన్నారు. శాసనసభదాకా వాదం పోయినది. రెండు వైపులా న్యాయం ఉన్నది. పొరుగువారి ఇంటి తగవులో మనం తీర్పరులం కాము. కాని వారి పండితులు పిల్లల సౌకర్యం కోసం కోరిన వరుస మన నాలుక మీద పుట్టుకతోనే ఉన్నదని మనకు తెలిసి ఉండవలెను. ఆ సొమ్మును మనమే పారవేసుకోరాదు.

నేను చూచిన ఇంటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మా వీధిలోని ఒక తెలుగు పిల్లకు రెండవ తరగతిలో లెక్కలు రావని బడివారు చెప్పినారు. తల్లి బెంగపడి ఇంట్లో తెలుగు మానిపించి మరాఠీయే మాట్లాడించసాగినది. ఆ పిల్ల రెండంకెల సంఖ్యలన్నీ తలకిందులుగా రాస్తూ ఉండినది, ఒక్క కూడికా తప్పడం లేదు. ఆమె వేసిన తలకిందుల సంఖ్యలను ఆమె సరిగానే కూడినది. ఇక్కడ లేనిది లెక్క కాదు, రెండు నాలుకల మధ్య ఒక వంతెన. పంతులమ్మ 'పంచవీస్' అనగానే మనసులో 'ఇరవై ఐదు' అనుకొని రాయమని చెప్పినాను. పదిహేను రోజులు పట్టినది. తెలుగు మానిపించనక్కర లేదు, తెలుగే వంతెన అయినది. ఇప్పుడా పిల్ల రెండు భాషలలోనూ ఎక్కాలు చదువుతుంది. సరిహద్దు పిల్లలకు ఇది బరువు కాదు, రెండో జేబు.

ఈ వంతెన వేయడానికి డబ్బు అక్కర లేదు. రోజూ బజారునుంచి వచ్చిన సరుకుల చీటీని పిల్లలచేత తెలుగులో చదివించండి. మొత్తాన్ని తొమ్మిదులతోను, పదకొండులతోను పరీక్షింపించండి. పంచాంగం తెచ్చినప్పుడు ౧ ౨ ౩ ౪ ౫ ౬ ౭ ౮ ౯ ౦ అనే మన అంకెలను ఒక్కసారి వేలు పెట్టి చూపించండి. అల్లపల్లి పిల్లవాడు బడిలో నాగరి అంకెలు, బస్సు మీద ఇంగ్లీషు అంకెలు చూస్తాడు. నాగరి ఒకటిని చూచి ఇంగ్లీషు తొమ్మిది అనుకొని కంగారుపడతాడు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఒక్క సాయంత్రంలో కంగారు తీరుతుంది. మూడు వేషాలలో ఉన్నది ఒకే పిల్ల అని తెలుస్తుంది.

మా తాతగారికి ఆస్తి లేదు. ఆయన మాకిచ్చినది ఆ 'బేడ తక్కువ' లెక్క ఒక్కటే. బేడలు పోయినాయి, అణాలు పోయినాయి, ఆ బండ్లూ పోయినాయి. చీటీ చేతికి వచ్చినప్పుడు తలవంచుకొని పుచ్చుకోక, ఒక్క క్షణం ఆగి అంకెలు సరిచూచుకొనే అలవాటు మటుకు మాయింట మిగిలినది. కొత్త సంవత్సరంలో మన ఇళ్ళలో ఆదాయం వ్యయాన్ని మించుగాక, మన పిల్లల లెక్కలు తప్పకుండుగాక అని కోరుతూ, సంఘ సభ్యులందరికీ ఉగాది శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాను.

శుభం భూయాత్.